నీలి జట్టు మళ్లీ లేచిందా?

యథార్థ గాథ

(ఈ కథలోని మ్యాచ్‌లు, తేదీలు, స్కోర్లు, ఆటగాళ్ల పేర్లు అన్నీ రికార్డుల్లో ఉన్నవే. దివానియాలో వాదించుకున్న మనుషులను మాత్రం ఏ ఒక్క ఇంటి నుంచో తీసుకోలేదు. 2024 డిసెంబరులో కువైట్ అంతటా నడిచిన ఒకే వాదనను నలుగురి నోట పలికించాం. అందుకే వాళ్లకు పేర్లు లేవు.)

"రాసి పెట్టుకో బాబాయ్, ఈసారి కప్పు మనదే!"

"ఏం చూసి?"

2024 డిసెంబరు 21, శనివారం రాత్రి. కువైట్ నగర శివార్లలో ఒక ఇంటి దివానియా. గోడల వెంట పొడవాటి పరుపులు, నడుమ తివాచీ, మూలన గహ్వా (అరబ్బు కాఫీ) కూజా, ఎదురుగా పెద్ద టీవీ. మన ఊళ్లలో ఒకప్పుడు రచ్చబండకు ఎంత విలువుండేదో, కువైటీ మగవాళ్లకు దివానియాకు ఇవాళ్టికీ అంత విలువ. పెళ్లి సంబంధాలు, వ్యాపారం, రాజకీయం, ఆట అన్నీ అక్కడే తేలాలి.

ఆ రాత్రి అక్కడ తేలాల్సింది ఒక్కటే. కువైట్ ఫుట్‌బాల్ జట్టు కోలుకుందా, లేదా?

26వ గల్ఫ్ కప్‌కు కువైట్ ఆతిథ్యం ఇస్తోంది. దాదాపు అరవై వేల మంది పట్టే జాబెర్ అల్ అహ్మద్ స్టేడియంలో ఆరంభోత్సవం కన్నులపండువగా జరిగింది. అమీర్ షేక్ మిషాల్ పక్కన గౌరవ అతిథిగా భారత ప్రధాని నరేంద్ర మోదీ కూర్చున్నారు. అంతకుముందు ఒక భారత ప్రధాని కువైట్ గడ్డమీద అడుగుపెట్టి 43 ఏళ్లయింది. గహ్వా అందిస్తున్న గోదావరి జిల్లా వంటమనిషి, వాకిట్లో నిలబడి టీవీ చూస్తున్న రాజంపేట వైపు డ్రైవరు ఆ దృశ్యాన్ని కళ్లార్పకుండా చూశారు.

వేడుక అయ్యాక ఆట మొదలైంది. ప్రత్యర్థి ఒమన్. మొదటి సగంలో యూసుఫ్ నాసర్ గోల్ కొట్టాడు. దివానియా దద్దరిల్లింది. విరామం కూడా రాకముందే ఒమన్ తరఫున ఇస్సామ్ అల్ సుబ్హి లెక్క సరిచేశాడు. చివరికి 1-1.

"సొంత గడ్డమీద, సొంత జనం ముందు డ్రా. దీన్ని చూసి కప్పు మనదే అంటున్నావా?" పెద్దాయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆయనకు అరవై దాటాయి.

"ఒమన్ అక్టోబరులో మనల్ని 4-0తో చిత్తుచేసింది, గుర్తుందా? ఆ ఒమన్‌నే ఇవాళ ఆపాం. రెండు నెలల్లో ఇంత తేడా వస్తే దాన్ని ఫామ్ అనక ఏమంటారు?" కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు.

"ఫామంటే ఓడకపోవడం కాదురా. గెలవడం."

ఆ ఒక్క మాట దగ్గర మొదలైన వాదన ఆరు నెలలైనా ఆగలేదు.

పెద్దాయన లెక్క

పెద్దాయన దగ్గర ఉన్న లెక్క చిన్నది కాదు. గల్ఫ్ కప్ 1970లో బహ్రెయిన్‌లో మొదలైంది. మొదటి నాలుగు సార్లూ కప్పు కువైట్‌కే వచ్చింది. 1970, 1972, 1974, 1976. మొత్తం మీద పదిసార్లు. గల్ఫ్‌లో మరే దేశమూ ఆ అంకెకు దగ్గర్లో లేదు. "అల్ అజ్రఖ్" అని, నీలి జట్టు అని పిలుచుకునే ఆ పదకొండు మందిని చూసి ఇరుగుపొరుగు దేశాలు బెదిరిన రోజులవి.

"1980 సెప్టెంబరు 30," అన్నాడు పెద్దాయన. తేదీ కోసం ఆలోచించలేదు. "ఆసియా కప్ ఫైనల్. ఇక్కడే, కువైట్‌లోనే. దక్షిణ కొరియా మీద 3-0. ఫైసల్ అల్ దాఖిల్ రెండు, సాద్ అల్ హూతీ ఒకటి. అప్పుడు నేను బడికెళ్లే పిల్లాణ్ణి. ఆ రాత్రి ఈ ఊళ్లో ఎవరూ పడుకోలేదు."

ఆసియా కప్ గెలిచిన మొదటి అరబ్బు దేశం కువైట్. రెండేళ్లకు అదే జట్టు స్పెయిన్‌లో ప్రపంచ కప్ ఆడింది. వయ్యాదోలిద్‌లో చెకోస్లోవేకియాతో 1-1 డ్రా. అక్కడే ఫ్రాన్స్‌తో 1982 జూన్ 21న జరిగిన మ్యాచ్ గురించి ప్రపంచం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఫ్రాన్స్ 3-1తో ముందుంది. గ్యాలరీలోంచి ఎవరో ఈల వేశారు. రిఫరీ ఆట ఆపాడనుకుని కువైట్ ఆటగాళ్లు నిలబడిపోయారు. అలాన్ జిరెస్ బంతిని వలలోకి కొట్టేశాడు. కువైట్ ఫుట్‌బాల్ సంఘం పెద్ద షేక్ ఫహద్ అల్ అహ్మద్ గ్యాలరీలోంచి లేచి నేరుగా మైదానంలోకి దిగాడు. సోవియట్ రిఫరీ మిరొస్లావ్ స్తుపార్ ఆ గోల్‌ను రద్దు చేశాడు. మ్యాచ్ మాత్రం ఫ్రాన్స్ 4-1తో గెలిచింది. ఆ తర్వాత ఇంగ్లండ్ చేతిలో 0-1తో ఓడి కువైట్ ఇంటిదారి పట్టింది. ప్రపంచ కప్‌లో కువైట్ ఆడింది ఆ ఒక్కసారే.

"ఆ షేక్ ఫహద్ ఎలా పోయాడో తెలుసా నీకు?"

కుర్రాడికి తెలుసు. కువైట్‌లో ఆ సంగతి తెలియని పిల్లలుండరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దేశంలోకి చొరబడ్డ రోజున, దస్మాన్ ప్రాసాదం దగ్గర పోరులో షేక్ ఫహద్ చనిపోయాడు. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కువైట్ తన గడ్డమీద గల్ఫ్ కప్ గెలిచి సంబరాలు చేసుకుంది. ఐదు నెలలు తిరిగేసరికి దేశమే చేజారింది. అప్పుడే లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు విమానాల్లో ఇంటికి చేరారు. కడప, గోదావరి జిల్లాల పల్లెల్లో ఆ రోజుల కథలు చెప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

"యుద్ధం అన్నీ తగలబెట్టింది. అయినా 1996లో మళ్లీ గల్ఫ్ కప్ గెలిచాం. 1998లో మళ్లీ గెలిచాం. అదే ఏడాది ఫిఫా ర్యాంకుల్లో 24వ స్థానం. కోలుకోవడమంటే అదీ. బూడిదలోంచి లేచి ఆరేళ్లలో కప్పు తెచ్చారు. ఇప్పుడు నువ్వు ఒక డ్రా చూపించి కోలుకున్నామంటే ఎలా ఒప్పుకోమంటావ్?"

కుర్రాడి లెక్క

కుర్రాడు పుట్టేసరికి ఆ వైభవమంతా ముగిసింది. వాడికి ఊహ తెలిశాక చూసిన పండగ ఒక్కటే. 2010 డిసెంబరు 5న యెమెన్‌లోని ఏడెన్‌లో సౌదీ అరేబియా మీద అదనపు సమయంలో 1-0తో గెలిచిన ఫైనల్. అప్పుడు వాడికి పదేళ్లు. ఆ తర్వాత చూసినవన్నీ పతనాలే.

2015 అక్టోబరు 16. కువైట్ క్రీడా చట్టాల వల్ల సంఘాల పాలనలో ప్రభుత్వ జోక్యం ఎక్కువైందంటూ ఫిఫా ఆ దేశాన్ని బహిష్కరించింది. అదే నెలలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమూ వేటు వేసింది. 2018 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మిగిలిన మ్యాచ్‌లను కువైట్ 0-3తో ఓడినట్లు రాసేశారు. ఆడకుండానే ఓటమి. 2016 రియో ఒలింపిక్స్‌లో కువైట్ సైనికుడు ఫుహైద్ అల్ దీహానీ డబుల్ ట్రాప్ షూటింగ్‌లో స్వర్ణం సాధించాడు. విజయ వేదిక మీద ఎగిరింది ఒలింపిక్ జెండా. వినిపించింది ఒలింపిక్ గీతం. దేశపు తొలి స్వర్ణం దేశం పేరు లేకుండా వచ్చింది.

రెండేళ్లకు పైగా జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఒక్క అధికారిక మ్యాచ్ ఆడలేదు. 2017 డిసెంబరు 6న బహిష్కరణ ఎత్తేశారు. అప్పటికి ఫిఫా ర్యాంకు 189. రెండు వారాలకే కువైట్‌లో గల్ఫ్ కప్ మొదలైంది. సన్నాహం లేదు, సాధన లేదు. సౌదీ చేతిలో ఓటమి, ఒమన్ చేతిలో ఓటమి, యూఏఈతో గోల్ లేని డ్రా. గ్రూపులో అట్టడుగు. 2019లో దోహాలో గ్రూపు దశలోనే ఇంటికి. 2023 జనవరిలో బస్రాలోనూ అంతే.

"బాబాయ్, మీరు 1982 నుంచి కొలుస్తున్నారు. నేను 189 నుంచి కొలుస్తున్నాను," అన్నాడు కుర్రాడు. "యుద్ధం మన దేశాన్ని లాక్కుంది, నిజమే. కానీ యుద్ధం ముగిశాక ఆటగాళ్లకు ఆడటానికి మ్యాచ్‌లు ఉన్నాయి. బహిష్కరణ లాక్కుంది ఆ మ్యాచ్‌లనే. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో కొరియాతో, ఇరాన్‌తో ఆడి రాటుదేలాల్సిన పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. ఆ రెండేళ్లు ఎవరు తెచ్చిస్తారు?"

పెద్దాయన వెంటనే బదులివ్వలేదు. కుర్రాడి మాటలో అబద్ధం లేదని ఆయనకూ తెలుసు.

వాకిట్లో ఇంకో వాదన

లోపల ఆ వాదన నడుస్తుంటే, బయట డ్రైవరు గదిలో మన తెలుగువాళ్లిద్దరి మధ్య ఇదే వాదన ఇంకో తీరున సాగింది.

"ఏమన్నా, మీ బాబా వాళ్లు ఇంకా అరుచ్చనే ఉండారు. ఆట అయిపోయి గంటైంది గదా?" డ్రైవరు నవ్వాడు. ఇంటి యజమానిని బాబా అనడం కువైట్‌లో పనిచేసే మనవాళ్లకు అలవాటు.

"ఆయ్, ఈ రాత్రికి తేలదండి అది. నాలుగోసారి టీ పెట్టాను," అన్నాడు వంటమనిషి. "అయినా ఈళ్ల జట్టుకి అంత సీనుందంటారా? మనోళ్లే ఓడించారు కదండీ."

"మనోళ్లు ఓడిచ్చిరి. మళ్లా ఈళ్లే మనల్ని దాటుకోని పోయిరి. అది మర్చిపోతివే?"

కువైట్ కోలుకునే కథలో భారత్‌కు పెద్ద భాగమే ఉంది. 2023లో దక్షిణాసియా పోటీలైన శాఫ్ చాంపియన్‌షిప్‌కు కువైట్‌ను అతిథిగా పిలిచారు. బెంగళూరులో జరిగిన ఆ పోటీల్లో కువైట్ నేపాల్‌ను, పాకిస్థాన్‌ను ఓడించి, సెమీస్‌లో బంగ్లాదేశ్‌ను అదనపు సమయంలో దాటి ఫైనల్‌కు వచ్చింది. జూలై 4 రాత్రి కంఠీరవ స్టేడియంలో షబీబ్ అల్ ఖాల్దీ కువైట్‌ను ముందుంచాడు. లాలియాంజువాలా ఛాంగ్తే సమం చేశాడు. పెనాల్టీల్లో గుర్‌ప్రీత్ సింగ్ సంధు చివరి బంతిని ఆపి భారత్‌కు కప్పు అందించాడు. ఓడినా కువైట్ అభిమానులకు అక్కడ ఆశ చిగురించింది. తమ జట్టు చాలా ఏళ్ల తర్వాత ఒక ఫైనల్ ఆడింది మరి.

నాలుగు నెలలకు, 2023 నవంబరు 16న, భారత్ కువైట్‌కు వచ్చింది. ప్రపంచ కప్ అర్హత మ్యాచ్. జాబెర్ స్టేడియానికి భారతీయులు వేలల్లో తరలివచ్చారు. కువైట్‌లో ఉన్న భారతీయులు దాదాపు పది లక్షలు. దేశ జనాభాలో ఐదోవంతుకు పైనే. 75వ నిమిషంలో మన్వీర్ సింగ్ గోల్‌తో భారత్ 1-0తో గెలిచింది.

"ఆ పొద్దు నేనూ పోయింటి," అన్నాడు డ్రైవరు. "మనోళ్లు గోల్ కొట్టంగానే ఎగిరి గంతేసినా. మళ్లా మా బాబా కొడుకును కారులో ఇంటికి తెచ్చాంటే, పాపం ఆ పిల్లోడు ఒగ మాటా మాట్లాడల్యా. నాకు యాడో కలుక్కుమన్యాది. ఈళ్ల ఉప్పు తింటాండాం గదన్నా."

దాదాపు ఏడు నెలల తర్వాత లెక్క తిరగబడింది. 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో రెండు జట్లూ గోల్ లేకుండా డ్రా చేసుకున్నాయి. సునీల్ ఛెత్రీ తన వీడ్కోలు మ్యాచ్‌గా అప్పట్లో ప్రకటించింది దాన్నే. జూన్ 11న గ్రూపులో ఆఖరి మ్యాచ్‌లు. దోహాలో భారత్ ముందంజలో ఉండగా బంతి గీత దాటి బయటికి పోయిందని మనవాళ్లు మొత్తుకున్నా ఖతర్‌కు గోల్ ఇచ్చారు. భారత్ 1-2తో ఓడింది. అదే రాత్రి కువైట్‌లో ఆఫ్ఘనిస్థాన్‌పై 81వ నిమిషంలో ఈద్ అల్ రషీదీ గోల్ కొట్టాడు. 1-0. కువైట్‌కు 7 పాయింట్లు, భారత్‌కు 5. ఆసియాలో చివరి 18 జట్లలో కువైట్ నిలిచింది.

"ఆ రాత్రి లోపల లడ్డూల్లాంటి మిఠాయిలు పంచారండి," అన్నాడు వంటమనిషి. "పళ్లెం నేనే పట్టుకెళ్లాను. మనోళ్లు పోయారని ఏడవాలో, ఈళ్లు గెలిచారని నవ్వాలో తెలీలేదు."

"ఇప్పుడు మనోళ్లు ల్యారు గదా ఈ కప్పులో. ఇంగ మొహమాటం ఏముండాది? కువైట్ గెలవాల. అంతే."

డిసెంబరు 24, 27: వాదన ముదిరింది

డిసెంబరు 24న ప్రత్యర్థి యూఏఈ. మొదటి సగంలోనే మహమ్మద్ దహమ్ గోల్ కొట్టాడు. కువైట్ స్పోర్ట్స్ క్లబ్ తరఫున ఆడే దహమ్ ఆ పోటీల్లో జట్టుకు ఆయువుపట్టు. యూఏఈ సమం చేసింది. ఆట ముగిసే వేళకు అందరూ ఇంకో డ్రాకు సిద్ధపడిపోయారు. అప్పుడు ముఆద్ అల్ దఫీరి గోల్ కొట్టాడు. 2-1.

దివానియాలో కుర్రాడు తివాచీ మీద సాష్టాంగపడ్డాడు. పెద్దాయన కూడా లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్! చివరి నిమిషంలో గెలిచే జట్టును ఫామ్‌లో లేని జట్టంటారా?"

"గెలిచారు, సంతోషం. కానీ ఒకటి గమనించావా? రెండు మ్యాచ్‌ల్లోనూ మనమే ముందు గోల్ కొట్టాం. రెండు మ్యాచ్‌ల్లోనూ నిలబెట్టుకోలేదు."

డిసెంబరు 27న ఖతర్. ఆసియా చాంపియన్. మళ్లీ అదే తంతు. రెండో సగంలో దహమ్ గోల్‌తో కువైట్ ముందుకెళ్లింది. ఖతర్ సమం చేసింది. 1-1. ఖతర్ ఇంటికి పోయింది. ఒమన్‌తో సమానంగా 5 పాయింట్లు తెచ్చుకుని కువైట్ సెమీస్ చేరింది. 2013 తర్వాత గల్ఫ్ కప్‌లో కువైట్‌కు అదే తొలి సెమీఫైనల్.

"మూడు మ్యాచ్‌లు. ఒక్క ఓటమీ లేదు," అన్నాడు కుర్రాడు.

"మూడు మ్యాచ్‌లు. మూడుసార్లు ఆధిక్యం. మూడుసార్లూ చేజార్చుకున్నారు," అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ చూసింది అవే మూడు మ్యాచ్‌లు. ఇద్దరు చెప్పిందీ నిజమే. కుర్రాడు జట్టు ఎంత దూరం నడిచొచ్చిందో చూస్తున్నాడు. పెద్దాయన అది ఎక్కడ తడబడుతోందో చూస్తున్నాడు.

వాదనలోకి కోచ్ ప్రస్తావన కూడా వచ్చింది. 2024 వేసవిలో పోర్చుగీసు కోచ్ రుయి బెంటో వెళ్లిపోయి, ఆయన స్థానంలో హువాన్ ఆంటోనియో పిజ్జీ వచ్చాడు. 2016లో చిలీకి కోపా అమెరికా శతాబ్ది కప్పు గెలిపించిన కోచ్. 2018 ప్రపంచ కప్‌లో సౌదీ జట్టును నడిపించిన మనిషి. "పిజ్జీ వచ్చాక జట్టుకు క్రమశిక్షణ వచ్చింది," అన్నాడు కుర్రాడు. "ఆరు నెలల్లో ఏ కోచ్ ఏం చేస్తాడు?" అన్నాడు పెద్దాయన.

డిసెంబరు 31

సెమీస్‌లో ప్రత్యర్థి బహ్రెయిన్. కొత్త సంవత్సరం ముంగిట జాబెర్ స్టేడియం నీలిరంగుతో నిండిపోయింది. ఈసారి పెద్దాయన కూడా స్టేడియానికి వెళ్లాడు. డ్రైవరే తీసుకెళ్లాడు.

అంతకు దాదాపు నాలుగు నెలల ముందు, సెప్టెంబరు 10న, ఇరాక్‌తో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌కు ఇదే స్టేడియంలో జనం అవస్థలు పడ్డారు. ఎండలో గంటల తరబడి వరుసలు, నీళ్ల కోసం తపన. దాని మీద పెద్ద దుమారం లేచి, ఫుట్‌బాల్ సంఘం అధికారులను పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ మ్యాచ్ గోల్ లేని డ్రాగా ముగిసింది. ఆ చేదు అనుభవం తర్వాత కూడా జనం తిరిగొచ్చారు. గల్ఫ్ కప్ ఆడిన ప్రతి రాత్రీ వచ్చారు. దేశం తన జట్టును వదులుకోలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగం మొదలైన కాసేపటికే బహ్రెయిన్ ఆటగాడు మహదీ అబ్దుల్ జబ్బార్‌కు ఎర్ర కార్డు. బహ్రెయిన్ పది మందితో మిగిలింది. స్టేడియం ఊగిపోయింది. కుర్రాడు పెద్దాయన భుజం పట్టుకుని కుదిపేశాడు. ఇంకో నలభై నిమిషాలు, ప్రత్యర్థికి ఒక మనిషి తక్కువ, వెనక సొంత జనం. ఫైనల్ కళ్లముందే ఉంది.

ఒక మనిషి ఎక్కువ ఉన్న జట్టుకు ఓర్పు కావాలి. బంతిని అటూ ఇటూ తిప్పి, ప్రత్యర్థిని పరిగెత్తించి, అలిసిపోయేదాకా వేచి ఉండాలి. కువైట్ ఆత్రపడింది. అందరూ ముందుకు దూకారు. వెనక ఖాళీ పెరిగింది. చివరి పావుగంట మొదలవుతుండగా ఆ ఖాళీలోకే బహ్రెయిన్ వచ్చింది. మహమ్మద్ మర్హూన్ కొట్టిన బంతి వలలో పడింది.

పది మంది పదకొండు మందిని ఓడించారు. 0-1.

స్టేడియం నుంచి తిరిగొస్తుంటే కారులో మొదట మాట్లాడింది కుర్రాడే.

"మీరే గెలిచారు బాబాయ్."

"నేను గెలవాలని వాదించలేదురా." పెద్దాయన గొంతు వణికింది. "ఓడిపోవాలనే నేను అన్నీ పట్టిపట్టి చూపిస్తున్నానని అనుకున్నావా? ఈ జట్టు ఇంకోసారి ప్రపంచ కప్ ఆడితే చూసి పోవాలని ఉంది. అందుకే నాకు అబద్ధపు ఊరట వద్దు."

నాలుగు రోజుల తర్వాత ఫైనల్లో ఒమన్‌ను 2-1తో ఓడించి బహ్రెయిన్ కప్పు ఎత్తుకుంది.

అంకెలు ఏం చెప్పాయి?

తర్వాతి నెలల్లో జరిగినవి పెద్దాయన భయాన్నే నిజం చేశాయి. 2025 మార్చి 20న బస్రాలో ఇరాక్ మీద కువైట్ రెండు గోల్స్ ఆధిక్యంతో తొంభయ్యో నిమిషం దాకా వచ్చింది. గెలుపు గుమ్మం దగ్గర నిలబడి, అదనపు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుంది. 2-2. ఐదు రోజులకు సొంత గడ్డమీద ఒమన్ చేతిలో 0-1. జూన్‌లో పాలస్తీనా చేతిలో, దక్షిణ కొరియా చేతిలో ఓటములు.

ప్రపంచ కప్ అర్హత మూడో దశలో కువైట్ ఆడింది 10 మ్యాచ్‌లు. గెలుపు ఒక్కటీ లేదు. ఐదు డ్రాలు, ఐదు ఓటములు, 5 పాయింట్లు, గ్రూపులో ఆఖరి స్థానం. 2026 ప్రపంచ కప్‌ను 48 జట్లకు పెంచారు. ఆసియాకు నేరుగా ఎనిమిది చోట్లు దక్కాయి. ఇంతటి అవకాశం ముందెన్నడూ లేదు. కువైట్ దాన్ని అందుకోలేకపోయింది. అదే గ్రూపులో ఉన్న జోర్డాన్ మాత్రం చరిత్రలో తొలిసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది.

కాబట్టి, కువైట్ కోలుకుందా అన్న ప్రశ్నకు నిజాయతీగా చెప్పాల్సిన జవాబు: ఇంకా లేదు.

అయితే పెద్దాయన పోలికలోనూ ఒక లోపం ఉంది. 1980, 1982 విజయాలు ఒక్క పోటీలో పుట్టినవి కావు. బ్రెజిల్‌కు ప్రపంచ కప్ గెలిపించిన మారియో జగాలో 1976లో కువైట్ కోచ్‌గా వచ్చాడు. అదే ఏడాది ఆ జట్టు టెహ్రాన్‌లో ఆసియా కప్ ఫైనల్ ఆడి ఇరాన్ చేతిలో 0-1తో ఓడింది. జగాలో తర్వాత పగ్గాలు అందుకున్నది ఆయన శిష్యుడు కార్లోస్ అల్బెర్టో పరేరా. ఒకే పాఠశాల, ఒకే పద్ధతి, దాదాపు ఒకే ఆటగాళ్ల బృందం. ఓడిన ఫైనల్ నుంచి నాలుగేళ్లకు కప్పు, ఆరేళ్లకు ప్రపంచ వేదిక. జాసెం యాకూబ్, ఫైసల్ అల్ దాఖిల్, సాద్ అల్ హూతీ లాంటివాళ్లు ఏళ్ల తరబడి కలిసి ఆడి, కలిసి ఓడి, కలిసి నేర్చుకున్నారు.

ఆ అవకాశమే 2015లో తెగిపోయింది. బహిష్కరణ వల్ల పోయినవి పాయింట్లూ ర్యాంకులూ మాత్రమే కాదు. ఒక గోల్ ఆధిక్యంతో చివరి పావుగంట ఎలా ఆడాలో, ప్రత్యర్థికి మనిషి తగ్గినప్పుడు ఎలా ఓర్చుకోవాలో మ్యాచ్‌లు ఆడితేనే తెలుస్తుంది. ఏ సాధన శిబిరమూ దాన్ని నేర్పలేదు. జట్టులో అన్నలు ఆడుతుంటే పక్కన ఆడిన తమ్ముళ్లకు అది అబ్బుతుంది. ఆ వరుస రెండేళ్లు ఆగిపోయింది. బస్రాలో అదనపు నిమిషాల్లో, బహ్రెయిన్ ముందు చివరి పావుగంటలో కువైట్ చెల్లించింది ఆ బాకీనే. ఆటగాళ్ల గుండెలో లోటు లేదు, కాళ్లలో లోటు లేదు. అనుభవంలో ఉంది.

ఇది తెలిశాక అభిమాని కోపం సరైన చోటికి మళ్లాలి. దహమ్‌నో, పిజ్జీనో తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదు. పిల్లల లీగులు ఆగకుండా నడవాలని, కోచ్‌ను ఏటా మార్చొద్దని, బలమైన జట్లతో తరచూ మ్యాచ్‌లు పెట్టాలని, మళ్లీ ఏ కుర్చీల తగాదా వల్లా ఆట ఆగకూడదని అడగాలి. కువైట్ దివానియాల్లో అడిగే గొంతులకు కొదవ లేదు. అక్కడ మాటకు బలముంది, ఆ మాట వినాల్సినవాళ్లు ఆ పరుపుల మీదే కూర్చుంటారు.

మన తెలుగువాళ్లకూ ఈ కథ పరాయిది కాదు. కువైట్‌లో బతుకు వెతుక్కున్న లక్షల మందిలో ఎంతోమంది ఆ దేశం ఓడినప్పుడు బాధపడ్డారు, గెలిచినప్పుడు నవ్వారు. అన్నం పెట్టిన నేల మీద ఇష్టం ఉండటానికి ఆ దేశపు పాస్‌పోర్టు అక్కర్లేదు. రెండు జట్లనూ ప్రేమించగల ఆ డ్రైవరు లాంటి మనసు ఆటకు దొరికే గొప్ప అభిమానం.

పెద్దాయన, కుర్రాడు ఇకమీదట ఒకే కొలత పెట్టుకోవచ్చు. 1982 అంత ఎత్తున కాదు, 189 అంత కింద కాదు. 75వ నిమిషంలో ఆధిక్యంలో ఉన్న కువైట్ 90వ నిమిషం దాటాక కూడా ఆధిక్యంలోనే ఉండాలి. ఒకసారి కాదు, వరుసగా ఐదు మ్యాచ్‌ల్లో, పది మ్యాచ్‌ల్లో. అది జట్టుకు అలవాటైన నాడు, నీలి జట్టు లేచిందా అని ఏ దివానియాలోనూ ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.